కన్ను ముందు, కాళ్లు తర్వాత: బ్రిక్స్‌తో సొంత బొమ్మల రూపకల్పన

లెగో వంటి ప్లాస్టిక్ బ్రిక్స్‌తో బొమ్మను పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి కట్టినా, ఏ పుస్తకమూ లేకుండా సొంతంగా కట్టినా ముక్కలు అవే. మొదటి పనిలో నిర్ణయాలన్నీ ఇంకెవరో ముందే తీసుకుని ఉంటారు. రెండో పనిలో ప్రతి ముక్కకూ మీరే జవాబుదారీ. చాలామంది అడుగున ఒక పలక వేసి, దాని మీద పేర్చుకుంటూ పోతే చివరికి ఏదో ఒకటి తయారవుతుందిలే అనుకుంటారు. తయారవుతుంది కూడా. కానీ తొంభై పాళ్లు అది పెట్టెలాగే ఉంటుంది. జంతువును కడదామనుకున్నా పెట్టె, ఓడను కడదామనుకున్నా పెట్టె.

అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. బొమ్మలో అన్నిటికంటే ముఖ్యమైన, అన్నిటికంటే మొండి భాగం ఏదో ముందు తేల్చుకోండి. మిగతా ఒళ్లంతా దాని కొలతకు లొంగాలి. పాత్రలకు ఆ భాగం చాలాసార్లు కన్నే. వాహనానికైతే చక్రం, ఇంటికైతే తలుపు. ఉదాహరణకు ఒకే బొమ్మను చివరిదాకా వెంటబెట్టుకుందాం: గడియారాలు బాగుచేసే ఒక ముసలి గుడ్లగూబ.

కంఠస్థం చేయవలసిన నాలుగు అంకెలు

నేటి లెగో బ్రిక్‌కు పేటెంటు దరఖాస్తు 1958 జనవరి 28న డెన్మార్క్‌లో దాఖలైంది. నాటి ముక్కలు నేటి ముక్కలకు ఇప్పటికీ అతుకుతాయి. పేటెంటు గడువు తీరాక ఇతర కంపెనీలు కూడా అదే కొలతలతో ముక్కలు చేస్తున్నాయి కాబట్టి, మీ డబ్బాలో ఉన్నవి ఎవరివైనా కింది అంకెలు దాదాపుగా వర్తిస్తాయి.

ముక్క మీద ఉండే గుండ్రటి బుడిపెను స్టడ్ అంటారు. ఒక స్టడ్ నడిమి నుంచి పక్క స్టడ్ నడిమికి దూరం 8 మిల్లీమీటర్లు. స్టడ్ వ్యాసం 4.8 మిల్లీమీటర్లు. స్టడ్‌ను లెక్కించకుండా బ్రిక్ ఎత్తు 9.6. పలుచని ప్లేట్ ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక బ్రిక్ ఎత్తు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియవలసింది దీని తర్వాతి మెట్టు. ఐదు ప్లేట్ల ఎత్తు 16 మిల్లీమీటర్లు. రెండు స్టడ్‌ల వెడల్పు కూడా 16 మిల్లీమీటర్లే. నిలువు కొలత, అడ్డం కొలత మొదటిసారి సమానమయ్యే చోటు ఇదే. ముక్కలను పక్కకు తిప్పి కట్టే విద్యంతా ఈ ఒక్క సమానత్వం మీద నిలబడి ఉంది. బుడిపెలు పైకి కాకుండా పక్కకో కిందికో చూసేలా కట్టడాన్ని నిర్మాతలు స్నాట్ అంటారు. అది రాకపోతే ముఖాలు కట్టడం కష్టం. ఎందుకంటే ముఖం ఎదురుగా చూడాలి, బుడిపెలేమో ఆకాశం వైపు చూస్తుంటాయి.

ఇంకో చిన్న లెక్క. పక్కపక్కనున్న రెండు స్టడ్‌ల మధ్య ఖాళీ 8 లోంచి 4.8 తీసేస్తే 3.2. సరిగ్గా ప్లేట్ మందం. అందుకని ప్లేట్‌ను నిలబెట్టి స్టడ్‌ల మధ్య దూర్చాలనే కోరిక ఎవరికైనా పుడుతుంది. దూరుతుంది కూడా. కానీ అక్కడ సడలింపు బొత్తిగా ఉండదు, ప్లాస్టిక్ మీద ఒత్తిడి అలాగే నిలిచిపోతుంది. వృత్తిగా రూపకల్పన చేసేవారు ఇలాంటి అతుకులకు దూరంగా ఉంటారు. మీరూ ఉండండి.

ముక్క ముట్టుకోకముందు

పాత్ర ఎవరో ఒక్క వాక్యంలో రాయండి. పని, వయసు, స్వభావం మూడూ అందులో ఉండాలి. మన వాక్యం ఇది: "చూపు తగ్గినా ఒప్పుకోని, గడియారాలు బాగుచేసే ముసలి గుడ్లగూబ." ఈ వాక్యం అలంకారం కోసం రాసింది కాదు. పని ఉంది కాబట్టి చేతిలో ఒక వస్తువు ఉండాలి. వయసు ఉంది కాబట్టి వీపు వంగాలి. ఒప్పుకోని స్వభావం ఉంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోదు, ఒంటి కంటికి భూతద్దం బిగించుకుంటుంది. తర్వాత ఎక్కడ తికమకపడినా తిరిగి ఈ వాక్యం దగ్గరికే రండి.

ఆ తర్వాత కాగితం మీద ఆకారం గీసి లోపలంతా నల్లగా నింపేయండి. రంగు, కళ్లు, ఈకలు ఏమీ లేని ఆ నీడను చూసి ఎవరైనా గుడ్లగూబ అని గుర్తుపడితేనే ముందుకు వెళ్లాలి. పెద్ద తల, చెవుల్లా నిక్కిన రెండు ఈకల కుచ్చులు, మెడ లేని భుజాలు, పొట్టి కాళ్లు. గుర్తింపుకు ఇవి చాలు. నీడలో కనిపించని వివరం బొమ్మను కాపాడుతుందని ఆశపడకండి.

ఉన్న ముక్కలతో కట్టాలా, కావలసినవి తెప్పించుకుని కట్టాలా అనే ప్రశ్న ఇక్కడ వస్తుంది. మొదటి బొమ్మకు ఉన్నవాటితోనే కట్టమంటాను. కొరత మంచి గురువు. వెతికిన ముక్క దొరకనప్పుడు దాని బదులు పెట్టినదే చాలాసార్లు బొమ్మకు కొత్తదనం తెస్తుంది. అయినా కొరత ఎక్కడా ఆటంకం కానంత విశాలమైనది ఈ ఆట: 2×4 బ్రిక్‌లు, అంటే రెండు వరుసల్లో నాలుగేసి స్టడ్‌లున్నవి, ఆరింటిని ఒకదానికొకటి అతికించే పద్ధతులు 91,51,03,765 ఉన్నాయని గణితవేత్తలు లెక్కకట్టారు.

కన్నుతో పరిమాణం తేల్చడం

గుడ్లగూబ అంటే ముందు కళ్లు. కాబట్టి డబ్బాలోంచి మొదట తీయవలసినవి కళ్లకు పనికొచ్చే గుండ్రటి ముక్కలు. 1×1 గుండ్రటి ముక్కతో కన్ను కడితే తల మూడు నాలుగు స్టడ్‌ల వెడల్పు ఉంటుంది, మొత్తం బొమ్మ బొటనవేలంత. 2×2 గుండ్రటి ప్లేట్‌తో కడితే అరచేతిలో పట్టే బొమ్మ. 4×4 తో కడితే బల్ల మీద కూర్చునే పక్షి. మనం 2×2 తీసుకుందాం. కీళ్లు పెట్టడానికి చోటు ఉంటుంది, ముక్కలూ మరీ ఎక్కువ పట్టవు.

రెండు కళ్లు పక్కపక్కన పెడితే నాలుగు స్టడ్‌లు. అటొకటి ఇటొకటి చెంపలకు. తల వెడల్పు ఆరు స్టడ్‌లు, అంటే 48 మిల్లీమీటర్లు. తల ఎత్తుకు నుదురు రెండు ప్లేట్లు, కన్ను ఐదు ప్లేట్లు, ముక్కు ఉండే భాగం మూడు ప్లేట్లు, మొత్తం పది. ఒంటికి పదిహేను ప్లేట్లు, కాళ్లకు మూడు. అన్నీ కలిపితే 28 ప్లేట్లు, దాదాపు 9 సెంటీమీటర్లు. చూశారా, ఒక్క కన్ను మొత్తం బొమ్మ కొలతను తేల్చేసింది.

మినీఫిగర్ అనే చిన్న మనిషి బొమ్మ పక్కన నిలబడేలా కట్టదలిస్తే కొలత మీ చేతిలో ఉండదు. 1978లో వచ్చినప్పటి నుంచి అది దాదాపు నాలుగు బ్రిక్‌ల ఎత్తే. దానికి తగిన తలుపు చట్రం నాలుగు స్టడ్‌ల వెడల్పు, ఆరు బ్రిక్‌ల ఎత్తు. ఇల్లు కట్టాలంటే ఆ తలుపు దగ్గర మొదలుపెట్టి గోడల లెక్క వేసుకోండి. ఆ చిన్న మనిషి నిజమైన మనిషికంటే బాగా గుండ్రటివాడు, వెడల్పువాడు. అందుకే అతని కోసం కట్టే కారు పొడవుకు తగినంత సన్నగా ఎప్పటికీ రాదు. దానితో రాజీపడటమే మార్గం.

ముఖం కట్టడం

ఇక్కడ తొందరపడవద్దు. ముఖం కుదిరితే మిగతా బొమ్మలోని లోపాలను చూసేవారు క్షమిస్తారు.

పక్క గోడ మీద కూడా స్టడ్ ఉండే బ్రిక్‌లు కొన్ని ఉంటాయి. 1×1 లో ఒకటి, 1×2 లో రెండు, 1×4 లో నాలుగు స్టడ్‌లతో దొరుకుతాయి. పక్క స్టడ్ నడిమి భాగం బ్రిక్ పై అంచుకు 4 మిల్లీమీటర్ల కిందికి ఉంటుంది. అంటే ఆ స్టడ్‌కు తగిలించిన ప్లేట్ పై అంచు, బ్రిక్ పై అంచు ఒకే గీతలోకి వస్తాయి. మన ముఖానికి 1×4 పక్క స్టడ్‌ల బ్రిక్‌ను పైన, దాని కింద రెండు ప్లేట్లను పెట్టండి. బ్రిక్ మూడు ప్లేట్ల ఎత్తు, కింద రెండు, మొత్తం ఐదు: 16 మిల్లీమీటర్లు. ఇప్పుడు 2×4 ప్లేట్‌ను నిలువుగా తిప్పి, దాని పై వరుసను పక్క స్టడ్‌లకు తగిలించండి. పైనా కిందా వెంట్రుకవాసి ఖాళీ లేకుండా కూర్చుంటుంది. ఐదుకు రెండు అనే లెక్క చేతికి తెలిసేది ఇక్కడే.

ఆ ప్లేట్ మీద రెండు 2×2 గుండ్రటి ప్లేట్లు, లేత రంగువి, పెట్టండి. కనుపాపలు ఎక్కడ పెట్టాలి? నడుమ ఒకే స్టడ్ ఉన్న రకం వాడితే కనుపాప సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. చూపు శూన్యంలోకి ఉంటుంది. నేనైతే నాలుగు స్టడ్‌లున్న మామూలు రకాన్నే తీసుకుని, రెండు కళ్లలోనూ కింద, లోపలి వైపు ఉన్న స్టడ్ మీద నల్లటి 1×1 గుండ్రటి ప్లేట్ పెడతాను. వెంటనే గుడ్లగూబ తన చేతిలోని పని వైపు చూడటం మొదలుపెడుతుంది. ఖాళీగా మిగిలిన మూడు బుడిపెలు కనిపిస్తాయి కదా అని కొందరు ఇష్టపడరు. చూపు దక్కినప్పుడు బుడిపెలు కనిపించినా నష్టం లేదని నా అభిప్రాయం. ఇవి బ్రిక్స్‌తో కట్టిన బొమ్మలని దాచవలసిన అవసరం ఎవరికుంది?

కుడి కనుపాప మీద పారదర్శకమైన 1×1 గుండ్రటి బ్రిక్ ఒకటి నిలపండి. అదే భూతద్దం. ముఖంలో ఒక వైపు మాత్రమే ఉండే ఇలాంటి వస్తువు ఉంటే పాత్రకు చరిత్ర ఉన్నట్టు అనిపిస్తుంది.

ముక్కు దగ్గర ఒక చిక్కు ఉంది. తల ఆరు స్టడ్‌ల వెడల్పు, సరి సంఖ్య. నడిమి గీత రెండు స్టడ్‌ల మధ్య పడుతుంది, ఒక స్టడ్ వెడల్పు ముక్కు మధ్యలోకి రాదు. దీనికి జంపర్ అనే ప్లేట్ ఉంది. 1×2 ప్లేట్, దాని నడుమ ఒకే ఒక స్టడ్. అది మిమ్మల్ని అర స్టడ్, అంటే 4 మిల్లీమీటర్లు, పక్కకు జరుపుతుంది. కళ్ల కింది భాగం నడుమ 1×2 పక్క స్టడ్‌ల బ్రిక్ పెట్టి, దానికి జంపర్ తగిలించి, దాని మీద 1×1 వాలు ముక్కను మొన కిందికి ఉండేలా పెట్టండి. ముక్కు తయారు. ఇంకెప్పుడైనా వెడల్పు బేసి సంఖ్యా, సరి సంఖ్యా అన్నది కట్టకముందే తేల్చుకుంటే ఈ చిక్కు రాదు. నడుమ ఒకే వస్తువు ఉండవలసిన బొమ్మలకు బేసి మేలు, జంటలుగా ఉండవలసిన వాటికి సరి.

ముఖకవళికలను కనుబొమ్మలు నడుపుతాయి. కుచ్చు ఈకలను తలకు నేరుగా అతికించకుండా, సన్నని కడ్డీని పట్టుకునే క్లిప్ ముక్కల మీద నిలబెట్టండి. లోపలి కొసలు దించితే కోపం, ఎత్తితే ఆందోళన. ఒకే ముఖానికి రెండు స్వభావాలు దొరుకుతాయి.

మెడ, వీపు, రెక్కలు

ఏ కీలు ఎక్కడ పెట్టాలో పాత్రే చెబుతుంది. గుడ్లగూబ కళ్లు గూళ్లలో తిరగవు. అందుకే అది తలను 270 డిగ్రీల వరకు తిప్పగలదు. కాబట్టి ఈ మెడకు అన్ని వైపులా వాలే బంతి కీలు కంటే, గుండ్రంగా తిరిగే 2×2 టర్న్‌టేబుల్ తగినది. తల బరువుకు బంతి కీలు వాలిపోతుందన్న భయమూ ఉండదు. వీపు వంపు కోసం టర్న్‌టేబుల్ కింద ఒక హింజ్ (మడత కీలు) వేసి కాస్త ముందుకు వంచండి. టకటకమని మెట్లుగా ఆగే హింజ్ దొరికితే అదే వాడండి, బరువును బాగా మోస్తుంది.

రెక్కలకు చిన్న బంతి కీళ్లు సరిపోతాయి, అవి తేలిక భాగాలు. ఒక రెక్క కొసన క్లిప్ పెట్టి దానిలో గడియారం పెట్టవచ్చు: 1×1 గుండ్రటి టైల్ (పైన బుడిపెలు లేని నున్నటి ముక్క), దానికి బంగారు రంగు. ప్రతి చోటా కీలు పెట్టాలన్న మోజు మాత్రం వదిలేయండి. కదలవలసిన అవసరం లేని కీలు బొమ్మను బలహీనపరుస్తుంది, ఆకారాన్నీ చెడగొడుతుంది. ఈ గుడ్లగూబకు మెడ, రెండు భుజాలు, కుచ్చులు చాలు. మోకాళ్లు వద్దు.

ఒళ్లు నిలబడటం

గోడ కట్టే మేస్త్రీ అతుకు మీద అతుకు రానివ్వనట్టే, ఇక్కడా పై వరుస ముక్క కింది వరుసలోని రెండు ముక్కలను కలిపి పట్టుకోవాలి. ఒంటి లోపల ముందు నిలువుగా ఒక గట్టి స్తంభం కట్టి, ఈకలు, పొట్ట, వీపు వంటి పైపొరలను దానికి తగిలించండి. పొట్టకు మళ్లీ పక్క స్టడ్‌లే గతి. ఒక అంచు గుండ్రంగా ఉన్న 1×1 టైళ్లను వరుసలుగా, గుండ్రటి అంచు కిందికి ఉండేలా పెడితే ఈకల్లా కనిపిస్తాయి. అన్ని వరుసలూ ఒకే రంగు వేయకండి. అక్కడక్కడ ఒక ఛాయ ముదురువి కలిపితే చాలు.

పక్క స్టడ్‌ల వరుసలు రెండింటిని ఒకే ప్లేట్‌తో పట్టుకోవాలంటే, రెండు బ్రిక్‌ల మధ్య రెండు ప్లేట్లు వేయాలి. 9.6 కి 6.4 కలిపితే 16, అంటే రెండు స్టడ్‌ల దూరం. బ్రిక్ మీద బ్రిక్ నేరుగా పేరిస్తే స్టడ్‌ల మధ్య దూరం 9.6 అవుతుంది, ఏ ప్లేట్‌కూ కుదరదు. ఇరుసులు, పళ్ల చక్రాలు బిగించుకోవడానికి రంధ్రాలున్న టెక్నిక్ బ్రిక్‌లకూ ఇదే సూత్రం. ఆ దూరంలో 8 పళ్ల చక్రం, 24 పళ్ల చక్రం సరిగ్గా ఒకదానితో ఒకటి కలుస్తాయి. కనుక గుడ్లగూబ వెనక నిజంగా తిరిగే గడియారం పెట్టాలన్న సరదా ఉంటే దారి తెరిచే ఉంది. నిమిషాల ముల్లు పన్నెండు చుట్లు తిరిగితే గంటల ముల్లు ఒక చుట్టు తిరగాలి. 8–24 జత ఒకటి మూడో వంతు చేస్తుంది, 8–16 జతలు రెండు చెరి సగం చేస్తాయి, మొత్తం పన్నెండో వంతు. ఒక జత కలిసిన ప్రతిసారీ దిశ తిరగబడుతుంది. మూడు జతలకు ముల్లు వెనక్కి నడుస్తుంది కాబట్టి, మధ్యలో ఎక్కడో ఇంకో చక్రాన్ని ఊరికే చొప్పించాలి.

తల పెద్దది, వీపు వంగింది, కాళ్లు పొట్టివి. ఇలాంటి బొమ్మ ముందుకు బోర్లా పడుతుంది. బరువు కేంద్రం నుంచి నేలకు గీసిన నిలువు గీత పాదాలు ఆక్రమించిన చోటులోనే పడాలి. పాదాలను ముందుకు రెండు స్టడ్‌ల మేర చాపండి, గోళ్ల రూపంలో. తోకను నేలకు ఆనిస్తే మూడో ఆధారం దొరుకుతుంది. ఇంకా ఊగితే తల లోపల బరువు తగ్గించండి. తల బోలుగా ఉన్నా ఎవరికీ తెలియదు.

రంగులు

ఒక ప్రధాన రంగు, ఒక తోడు రంగు, మెరుపు కోసం ఒకటి. మన గుడ్లగూబకు గోధుమ, లేత ఇసుక, బంగారు రంగులు. బంగారు రంగు మూడు చోట్ల మాత్రమే: కళ్ల చుట్టూ కాస్త, ముక్కు, చేతిలోని గడియారం. చూసేవారి కన్ను ఆ మూడింటి మధ్య తిరుగుతుంది, కథ అర్థమవుతుంది. రంగు ఖాయం చేసేముందు మీకు కావలసిన ఆకారాలు ఆ రంగులో అసలు తయారయ్యాయో లేదో చూసుకోండి. ప్రతి ఆకారమూ ప్రతి రంగులో రాదు. నలుపు, తెలుపు, బూడిద రంగుల్లో ఎక్కువ ఆకారాలు దొరుకుతాయి.

తెర మీద కట్టడం

బ్రిక్‌లింక్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ముక్కల సంఖ్యకు పరిమితి లేకుండా కట్టుకోవచ్చు, ముక్కల జాబితా తీసుకోవచ్చు, సూచనల పుస్తకం కూడా తయారుచేసుకోవచ్చు. దీనికంటే చాలా ముందు, 1995లో జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టిన ఎల్‌డ్రా అనే ఉచిత వ్యవస్థ ఉంది. దానిలో ఒక ప్రమాణం 0.4 మిల్లీమీటర్లు. స్టడ్ దూరం 20 ప్రమాణాలు, ప్లేట్ 8, బ్రిక్ 24. దశాంశాలు మాయమై లెక్కలు సులువవుతాయి.

నా సలహా: ముఖం, కీళ్లు చేత్తో కట్టండి. పొట్ట, వీపు వంటివి తెర మీద కట్టినా ఫరవాలేదు. బరువుకు కీలు ఎంత వాలుతుందో, ఏ ముక్క వేలికి తగిలి ఊడుతుందో చేతికే తెలుస్తుంది.

పరీక్షలు

తల పట్టుకుని ఎత్తండి. తలకిందులు చేసి మెల్లగా ఊపండి. ఏది రాలితే దాన్ని గట్టిగా నొక్కి సరిపెట్టుకోకుండా, దాని అతుకునే మార్చండి. తర్వాత బొమ్మను రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి చూడండి, ఫోనుతో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి. రంగు పోయాక కూడా కళ్లు ముందు కనిపిస్తే ముఖం కుదిరినట్టు. పొట్ట ముందు కనిపిస్తే పొట్ట మీద వివరాలు తగ్గించాలి.

బొమ్మను ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచవద్దు. ఈ ముక్కల ప్లాస్టిక్ ఎండకు పసుపు రంగుకు తిరుగుతుంది, లేత రంగులైతే మరీను. కడగవలసి వస్తే నీళ్లు 40 డిగ్రీలకు మించకూడదు.

ఇంకొకరు కట్టేలా రాయడం

బొమ్మను విప్పుతూ ప్రతి దశకూ ఫోటో తీయండి, తర్వాత ఆ ఫోటోలను వెనక నుంచి ముందుకు పేర్చండి. సూచనలకు ఇంతకంటే సులువైన పద్ధతి లేదు. తల, ఒళ్లు, రెక్కలు వేర్వేరు భాగాలుగా రాయండి. ఒక్కో దశలో ఐదారు ముక్కలకు మించి చేర్చవద్దు. బయటికి కనిపించని లోపలి ముక్కలకు కావాలనే ఎరుపు, పసుపు, నీలం వంటి వేర్వేరు రంగులు వాడండి. అంతా గోధుమ రంగే అయితే కట్టేవారికి ముందు ఏదో వెనక ఏదో తెలియదు. పెద్ద కంపెనీల రూపకర్తలూ ఇదే చేస్తారు. అభిమానుల సొంత రూపకల్పనలను లెగో కంపెనీ స్వీకరించే లెగో ఐడియాస్ వేదికకు పంపే ఉద్దేశం ఉంటే, కంపెనీ పరిశీలనకు వెళ్లడానికి 10,000 మంది మద్దతు కావాలి. అక్కడ స్పష్టమైన ఫోటోలకూ, పాత్ర గురించిన ఆ ఒక్క వాక్యానికీ విలువ ఎక్కువ.

సూచనలు రాశాక ముక్కలన్నీ ఒక పళ్లెంలో పోసి, ఈ బొమ్మను ఎప్పుడూ చూడని మనిషికి ఇవ్వండి. పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. వారి చేయి ఆగిన ప్రతి దశ సంఖ్యనూ రాసుకుని, ఆ దశను రెండుగా విడదీయండి.